కలంకారీ మీద తెలుగు పట్టీలు ఉంచాలా, తీసేయాలా?

ఎడిసన్ తెలుగోడు:
అందరికీ నమస్తే. ఇక్కడ అమెరికాలో మా తెలుగు సంఘం హాల్లో పెట్టడానికి శ్రీకాళహస్తిలో పెద్ద కలంకారీ వేయిద్దామనుకుంటున్నాం, మధ్యలో పట్టాభిషేకం, చుట్టూ వరసలు వరసలుగా రామాయణం. పాత పద్ధతిలో బొమ్మల వరసతో పాటు కథ తెలుగులో రాసిన పట్టీ ఉంటుంది కదా, గొడవంతా దాని దగ్గరే. కమిటీలో సగం మంది ఇక్కడి పిల్లలకి తెలుగు చదవడం రాదు, అవి తీసేసి బొమ్మలు పెద్దవి చేయించండి అంటున్నారు. ఇద్దరైతే ఇంగ్లీషులో రాయించమన్నారు. నాకు ఉంచాలనే ఉంది గానీ ఎందుకంటే చెప్పలేకపోతున్నా.

కరక్కాయ:
తీసేయండి బ్రో, ఎవరు చదువుతారు. షాపుల్లో అమ్ముడుపోయేవి చూడండి, చెట్టు, నెమలి, రాధాకృష్ణులు, చాలావాటి మీద అక్షరం ముక్క ఉండదు. పైగా అక్షరాలు రాసే ఆ నల్లరంగులో ఇనుము ఉంటుంది, ఏళ్ళు గడిస్తే గుడ్డని తినేస్తుంది. ముందు పోయేవి మీ అక్షరాలే.

స్వర్ణముఖి:
బొమ్మల గీతలు కూడా ఆ నలుపే కదండీ, మరి బొమ్మలు కూడా తీసేద్దామా? ఎండ తగలకుండా పెట్టుకోవాలి, అంతే. ఇక ఎవరు చదువుతారు అన్న మాటకొస్తే, లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 19వ శతాబ్దపు కాళహస్తి రామాయణం వస్త్రం ఉంది, బొమ్మలకి తెలుగులో కథ రాసే ఉంది, ఆ రోజుల్లో గుడికొచ్చినవాళ్ళలో ఎంతమందికి చదువొచ్చనుకుంటున్నారు? అయినా రాశారు. చదవగలిగినోడు ఒక్కడుంటే చాలు, వాడు వేలు పెట్టి చూపిస్తూ చెప్తాడు, మిగతావాళ్ళు వింటారు. ఇప్పుడు మీ పిల్లలదీ అదే పరిస్థితి, కాబట్టి చదవడం రాదు అనేది తీసేయడానికి కారణం కానే కాదు. ఆదివారం తెలుగు క్లాసు ఏదైనా ఉంటే ఆ గోడ ముందే పెట్టండి.
ఒకటి మాత్రం జాగ్రత్త. పాలు, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుము, బెల్లం పులియబెట్టిన కసిం అనే ఆ రంగునీళ్ళు తగిలాయంటే నల్లబడిపోతుంది, ఇక చెరగదు. చింతబొగ్గుతో గీసినప్పుడే తప్పొప్పులు చూసుకోవాలి.

పుట్టపాక అమ్మాయి:
చదవడానికే అక్షరం అని ఎవరన్నారు? ఒడిశాలో నువాపట్నం వాళ్ళు జగన్నాథుడి కోసం గీతగోవిందం శ్లోకాలు ఇక్కత్‌లో నేస్తారు, అక్షరం కోసం నేతకి ముందే దారాలకి కట్లు కట్టి రంగు అద్దాలి, అంత కష్టం మనుషులు చదవాలని కాదు, దేవుడికి. అది అలా ఉంచితే నాకు అసలు డౌటు వేరే. మళ్ళీ రామాయణమే ఎందుకు? హైదరాబాద్‌లో పుట్టిన చిత్రకారిణి లావణ్య మణి గారు బరోడాలో ఉంటూ ఈ కలంకారీ పద్ధతిలోనే సముద్ర ప్రయాణాలు, వలసపాలన కాలం వ్యాపారాల మీద పెద్ద పెద్ద వస్త్రాలు చేశారు. మీవాళ్ళు ఊరొదిలి అక్కడికెళ్ళిన కథ కూడా వేయించొచ్చుగా, పట్టీలో మాటలు పిల్లల్ని అడిగి రాయించండి, వాళ్ళ తెలుగు ఎంత వంకరగా ఉన్నా సరే.

కరక్కాయ:
హహ, పట్టాభిషేకం బదులు గ్రీన్‌కార్డా?

పుట్టపాక అమ్మాయి:
ఎందుకు కాకూడదు? చూసి నవ్వుకుంటారు, నవ్వితే దగ్గరికొచ్చి చదువుతారు కూడా.

స్వర్ణముఖి:
వంకర తెలుగు మాత్రం నేనొప్పుకోను. మాటలు పిల్లలవే ఉండనివ్వండి, రాసేముందు పెద్దవాళ్ళెవరైనా దిద్దండి. చెరగదు అని చెప్పాను కదా.

ఎడిసన్ తెలుగోడు:
రామాయణం అలాగే ఉంచి కింద ఒక వరస మా కథకి వదలమని అడుగుతా. పట్టీలన్నీ తెలుగే, ఇంగ్లీషు వివరం పక్కన గోడ మీద బోర్డు పెడతాం. కమిటీ ఒప్పుకుంటుందో లేదో మరి.

స్వర్ణముఖి:
ఆ వరసకి, పట్టీలకి డబ్బులు విడిగా మాట్లాడుకోండి. అక్షరాలే కదా, ఊరికే రాసిచ్చేయమని మాత్రం అడక్కండి, అది కూడా కలంతో కూర్చుని చేసే పనే. చివరి పట్టీలో వేసినాయన పేరు, ఊరు కూడా రాయించండి.