ఏడాది కబుర్ల ఉత్తరం: మంచీ చెడూ ఒకే కాగితం మీద ఎలా రాయాలి?

కొత్తపాళీ:
సెలవులకు ముందు బంధువులకూ స్నేహితులకూ కలిపి ఏడాది కబుర్ల ఉత్తరం పంపాలి. సుమారు 40 మంది. ఒకే ఏడాదిలో ఇంటి పెద్ద మరణం, ఒకరి ఉద్యోగం పోవడం, ఒక పెళ్లి ఉంటే ఏది ముందు రాయాలి? ఎంత రాయాలి? నెలల వరుసలో రాస్తే పెళ్లికీ మరణానికీ మధ్య రెండు వాక్యాల ఎడమే ఉంటోంది. చదవడానికి ఇబ్బందిగా ఉంది.

సిరాబుడ్డి:
రాసే ముందు ఒక పని చూసుకోండి. మరణవార్త ఇంకా తెలియని దగ్గరివాళ్లు ఉంటే, ముందు ఫోన్ చేసి చెప్పాలి. అందరికీ పంపే కాగితంలో అది మొదటిసారి చదివితే, తమను నలుగురిలో ఒకరిగా లెక్కగట్టారని నొచ్చుకుంటారు. ఆ నొప్పి చాలాకాలం ఉంటుంది.

ఇక సరుకు పోగు చేయడం. జ్ఞాపకం మీద ఆధారపడితే చివరి రెండు మూడు నెలలే పెద్దగా కనిపిస్తాయి, ఏడాది మొదట్లోవి జారిపోతాయి. ఫోన్‌లో ఫొటోలు నెలవారీగా తిరగేయండి. గోడ క్యాలెండరు, ప్రయాణాల టిక్కెట్లు చూడండి. ఒక కాగితం మీద 12 గళ్లు గీసి నెలకు రెండు మూడు ముక్కలు రాసుకోండి. ముప్పై దాకా వస్తాయి. వాటిలో ఏడెనిమిదే ఉంచండి. ‘ఆ సంగతి తర్వాత ఏమైంది?’ అని వచ్చే ఏడాది ఎవరైనా అడుగుతారా అన్నదే కొలత. అడగరనిపిస్తే కొట్టేయండి.

పాతకవరు:
మరణం సంగతి మొదటి పేరాలోనే రావాలి. తెలిసినవాళ్లు అది ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ పెళ్లి కబుర్లు చదువుతారు, ఒక్క ముక్కా తలకెక్కదు. తెలియనివాళ్లు నవ్వుతూ చదువుకుంటూ వచ్చి చివర ఉలిక్కిపడతారు. నాలుగైదు వాక్యాలు చాలు: ఎవరు, ఏ నెలలో, ఆ మనిషి గురించి అందరికీ గుర్తుండే ఒక్క సంగతి, ఇంట్లోవాళ్లు ఇప్పుడెలా ఉన్నారు. జబ్బు వివరాలు, ఆస్పత్రి రోజులు వద్దు.

మాటల దగ్గర మూడు జాగ్రత్తలు.

‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టకండి. ఇరువైపులా క్షేమమే అని చెప్పి, వెంటనే మరణం రాస్తే పై మాట అబద్ధమైపోతుంది. ‘ఇక్కడ మేమందరం క్షేమం’ అన్నా అంతే. ‘ఈ ఉత్తరం అందేసరికి మీరంతా బాగున్నారని తలుస్తాం’ అంటే సరిపోతుంది.

‘మాకు దూరమయ్యారు’ అనకండి. సంగతి తెలియనివాళ్లు గొడవపడి వెళ్లిపోయారనో, ఊరు మారారనో అనుకునే వీలుంది. ‘చనిపోయారు’, ‘కాలం చేశారు’ అన్న మాటల్లో సందేహం ఉండదు.

‘కానీ’తో మాత్రం మంచివార్తకు దాటకండి. ‘మార్చిలో తాతయ్య చనిపోయారు. కానీ జూన్‌లో పెళ్లి ఘనంగా జరిగింది’ అంటే పోయిన మనిషికి పెళ్లి బదులు తీర్చినట్టు వినిపిస్తుంది. ఒక వరుస ఖాళీ వదిలి, ‘జూన్ 9న...’ అని తేదీతో కొత్త పేరా ఎత్తుకోండి. తేదీయే దాటిస్తుంది, వేరే వంతెన అక్కర్లేదు.

సిరాబుడ్డి:
పాతకవరు గారూ, మాటల గురించి మీరన్నది పూర్తిగా ఒప్పుకుంటాను. చోటు విషయంలోనే చిన్న తేడా. పోయినవారు ఇంట్లో మనిషైతే మొదటి పేరానే. దూరపు బంధువైతే దాని నెలలో దాన్ని ఉంచడమే నయం. ముందుకు తెస్తే మొత్తం ఉత్తరం సంతాపపత్రంలా చదువుతారు.

పాతకవరు:
అవునండీ, ఆ తేడా పాటించాల్సిందే.

మార్జిన్‌గీత:
ఉద్యోగం పోయిన సంగతి ఎవరిదో వాళ్ల అనుమతి లేకుండా రాయకూడదు. భార్యాభర్తలైనా సరే, రాసిన వాక్యాన్నే చూపించి అడగాలి. ‘రాయనా?’ అని నోటిమాటగా అడిగితే సరేననేస్తారు, అచ్చులో చూశాక బాధపడతారు. ఒప్పుకుంటే మూడు ముక్కలు: ఎప్పటినుంచి, ఎలాంటి పని వెతుకుతున్నారు, తెలిసినవాళ్లు ఏ సాయం చేయగలరు. పాత సంస్థ మీద ఒక్క మాటా వద్దు, ఉత్తరాలు చేతులు మారతాయి.

ఒప్పుకోకపోతే పూర్తిగా వదిలేయండి. ‘ఈ ఏడాది కొన్ని ఒడుదొడుకులు ఎదురయ్యాయి’ అన్న వాక్యం అన్నిటికంటే చెడ్డది. పదిమంది పది రకాలుగా ఊహించుకుని ఫోన్లు చేస్తారు, దాచాలనుకున్న మనిషే అందరికీ జవాబు చెప్పుకోవాలి.

పిల్లల దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. బహుమతి వచ్చిన పిల్లకు ఎనిమిది వరుసలు, రెండోవాడికి ‘వాడూ బాగా చదువుతున్నాడు’ అని ఒకటి. ఆ రెండోవాడు ఏటా అది చదువుకుంటాడు. ఒక్కొక్కరికి నాలుగు వరుసలు దాటకుండా, ఏం రాయాలో వాళ్లనే అడగండి. ‘చాలా తెలివైనది’ లాంటి మెచ్చుకోళ్లు తీసేసి చేసిన పని రాయండి: ‘సైకిల్ నేర్చుకుంది, చేయి విరిగింది, ఆరు వారాలు ఎడమచేత్తో రాసింది’. మంచీ చెడూ ఒకే వాక్యంలో ఇమిడాయి చూడండి.

అచ్చుగది:
కాగితం సంగతి నేను చెబుతాను. ఏ4 ఒక్కటి, రెండు వైపులా, అంతకు మించొద్దు. తెలుగు అక్షరం 13 లేదా 14 పాయింట్లు, వరుసల ఎడం ఒకటిన్నర. ఇంగ్లిష్‌కు సరిపోయే ఎడమే ఉంచితే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి, పెద్దవాళ్లు చదవలేరు. ఈ లెక్కన పేజీకి 250 నుంచి 300 మాటలు పడతాయి. ఫొటోలు మూడు చాలు.

10×15 సెంటీమీటర్ల ఫొటో శుభ్రంగా అచ్చు కావాలంటే సుమారు 1200×1800 పిక్సెళ్లు ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోయి వస్తుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. ఫొటో కింద ఎడమనుంచి కుడికి పేర్లు రాయండి. పాతికేళ్ల తర్వాత అవే పనికొస్తాయి. బడి పేరు, ఇంటి నంబరు కనబడే ఫొటోలు పక్కన పెట్టండి.

ఫోన్‌లో పంపేవాళ్లకు పీడీఎఫ్ చేసే పంపాలి. వర్డ్ ఫైలు పంపితే అవతల ఆ ఫాంటు లేకపోతే వరుసలు చెదిరి రెండు పేజీలు మూడవుతాయి. ఏ4ను మూడు మడతలు పెడితే 110×220 మిల్లీమీటర్ల కవరులో సరిగ్గా కూర్చుంటుంది. ఇంక్‌జెట్ అచ్చైతే పూర్తిగా ఆరాకే మడవండి, లేకపోతే మరకలవుతాయి.

కొత్తపాళీ:
అందరికీ ధన్యవాదాలు. ఇంకొక్కటి. పెద్దవాళ్లకూ స్నేహితులకూ వేర్వేరు ఉత్తరాలు రాయాలా?

పాతకవరు:
వద్దండీ. రెండు రకాలు రాస్తే ఎవరికి ఏం చెప్పామో గుర్తుండదు, వాళ్లిద్దరూ కలిసినప్పుడు తేడా బయటపడుతుంది. ఉత్తరం ఒకటే రాసి, అడుగున నాలుగు సెంటీమీటర్ల ఖాళీ వదలండి. అక్కడ ఒక్కొక్కరికీ చేత్తో రెండు వాక్యాలు రాయండి. వాళ్ల ఇంట్లో కూడా ఆ ఏడాది ఎవరైనా పోయి ఉంటే ఆ పేరు రాసి పలకరించాల్సిన చోటు అదే. 40 మందికి రోజుకు ఎనిమిది చొప్పున అయిదు రోజుల పని. రాయడం మొదలుపెట్టేది సెలవులకు నెల ముందు, పోస్టులో వేసేది రెండు వారాల ముందు.

మార్జిన్‌గీత:
ఈమెయిల్ అయితే చిరునామాలన్నీ బీసీసీ గడిలో (ఒకరి చిరునామా ఇంకొకరికి కనబడని గడి) వేయండి. మామూలు గడిలో వేస్తే ఒకరి సంతాపపు జవాబు మిగతా 39 మందికీ పోయే ప్రమాదం ఉంది.

సిరాబుడ్డి:
పంపేముందు ఇంట్లో ఒకరు గట్టిగా పైకి చదవండి, మిగతావాళ్లు వినండి. గొంతు ఎక్కడ తడబడితే ఆ వాక్యం పొడవో, అందులో మాట తప్పో అయి ఉంటుంది. దిద్దాక రెండు రోజులు పక్కన పెట్టి మళ్లీ ఒకసారి చూడండి. పోయినవారి పేరులో అచ్చుతప్పు ఉందేమో ప్రత్యేకంగా చూడండి.