'చీకటి ఖండం'లో చీకటి ఎవరిది?

గోదారిగట్టు: చిన్నప్పుడు ఆఫ్రికాను 'చీకటి ఖండం' అని చదువుకున్నాం కదా. ఇక్కడ 'చీకటి'ని విశేషణంగా తీసుకోవాలా, 'చీకట్లో ఉన్న ఖండం' అనా? రెండ్రోజులుగా బుర్ర తొలుస్తోంది.

పాతపటం: మ్యాపులో ఖాళీ అనే అర్థమండీ. 1749లో దాన్విల్ అనే ఫ్రెంచి పటకర్త ఆఫ్రికా పటం గీస్తూ రూఢి కాని ఊళ్లూ నదులూ తీసేసి లోపలి భాగాన్ని చాలావరకు తెల్లగా వదిలేశాడు. ఆఫ్రికా లోపలికి యాత్రలు చేసిన స్టాన్లీ పుస్తకం 'త్రూ ద డార్క్ కాంటినెంట్' 1878లో వచ్చాక ఆ పేరు స్థిరపడిపోయింది.

పాలపిట్ట: పటం మీద తెలుపైతే పేరులో చీకటి ఎందుకొచ్చింది? 'చీకటి గది' అంటే చీకటి గదిలోనే ఉంటుంది, చూసేవాడి కంట్లో కాదు. తెలియనితనం తమది, నింద ఆ నేలకి.

పాతపటం: 'చీకటి బజారు' మాటేమిటి మరి? అక్కడ చీకటంటే కంటపడకపోవడమే.

పాలపిట్ట: ఎవరి కంట మాస్టారూ? 1876లో లువాలబా నది వెంట స్టాన్లీకి కొంతదూరం తోడు వెళ్లింది జాంజిబార్ వర్తకుడు టిప్పు టిప్. అతను అప్పటికే ఆ ప్రాంతంలో ఏనుగు దంతాలూ బానిసలూ అమ్ముకుంటున్నాడు. 1855లో లివింగ్‌స్టన్ అనే బ్రిటిష్ యాత్రికుడికి జలపాతం చూపించినవాళ్లు దాని పేరూ చెప్పారు: మోసి ఓవా తున్యా, ఉరిమే పొగ. ఆయన విక్టోరియా అని రాసుకున్నాడు. 1884-85లో బెర్లిన్‌లో యూరప్ దేశాలు ఆఫ్రికా పంపకాల నియమాలు రాసుకున్నప్పుడు ఆఫ్రికావాళ్లను ఒక్కరినీ పిలవలేదు. ఆ మాట తెలుగులో ఇంకా వాడటం నాకు బాధగా ఉంటుంది.

నాగావళి: అసలది చీఁకటి. అరసున్న ఉండాలి.

వేపచెట్టు: శ్రీశ్రీ ఆ ఖండాన్ని చీకటితో కాదు, నదితో తలుచుకున్నాడు. 'నైలునదీ నాగరికతలో సామాన్యుల జీవనమెట్టిదో'. నాకు అదే ఇష్టం.

నాగావళి: సామాన్యుని. చివర 'ఎట్టిది'.

వేపచెట్టు: 'దో' అంటేనే ఆరా తీస్తున్నట్టు ఉంటుందండీ. మా నాన్నగారు అలాగే చదివేవారు.

నాగావళి: లెక్కపెట్టి చూడండి. 'నైలునదీ' ఆరు మాత్రలు, 'నాగరికతలో' ఎనిమిది. 'సామాన్యుని' ఆరు, 'జీవనమెట్టిది' ఎనిమిది. 'దో' పెడితే తొమ్మిదవుతుంది.

పాలపిట్ట: 'సామాన్యుల' అన్నా ఆరేగా. దాన్ని మాత్రలతో కొట్టేయలేరు.

నాగావళి: మాత్రలతో కాదు, అర్థంతో. గుంపులో కలిపేయకుండా ఒక్క మనిషి గురించి అడుగుతున్నాడాయన.

వేపచెట్టు: 'సామాన్యుని'కి ఒప్పుకుంటాను. 'దో' మాత్రం వదలను.