కోడి బ్లడ్ స్మియర్‌లో థ్రాంబోసైట్‌కీ (రక్తం గడ్డకట్టించే కణం) చిన్న లింఫోసైట్‌కీ (ఒక రకం తెల్లకణం) తేడా ఎలా పట్టాలి?

అందరికీ నమస్తే, నేను వెటర్నరీ స్టూడెంట్‌ని, ప్రాజెక్ట్ కోసం నాటుకోళ్ల రెక్క కింద నరం నుంచి రక్తం తీసి స్లైడ్ మీద పల్చగా పరిచి స్మియర్లు వేస్తున్నా. మన ఎర్రకణాల్లో న్యూక్లియస్ ఉండదు కదా, కోళ్లకి ఎర్రకణాల్లోనూ ఉంటుంది థ్రాంబోసైట్లలోనూ ఉంటుంది, అందుకే మామూలు మెషిన్ కౌంట్ పనికిరాక స్లైడ్‌కి 200 తెల్లకణాలు కూర్చుని లెక్కపెడుతున్నా, కళ్లు పోతున్నాయి.

తెల్లకణాల్లో హెటెరోఫిల్ పర్లేదు, కండె ఆకారంలో ఇటుక రంగు గ్రాన్యూల్స్ ఉంటాయి, ఇయోసినోఫిల్‌కి గుండ్రంగా ఉంటాయి, దొరికిపోతాయి. తలనొప్పంతా థ్రాంబోసైట్లే. వాటి సైటోప్లాజం రంగు లేకుండా, అక్కడక్కడా ఖాళీ బుడగలతో ఉండాలి, లింఫోసైట్‌ది లేత నీలంగా ఉండాలి, నా స్లైడ్లో మాత్రం రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి. జీమ్సా రంగులో 30 నిమిషాలు ఉంచా, ఎక్కువైందా? ఇది తేలకపోతే లింఫోసైట్లు ఎక్కువ పడి హెచ్ ఎల్ రేషియో (హెటెరోఫిల్, లింఫోసైట్ల నిష్పత్తి) మొత్తం పోతుంది.

ఇంకోటి, వచ్చే వారం తాబేలు శాంపిల్ ఉంది. రక్తం గడ్డకట్టకుండా కలిపే ఈడీటీఏలో వాటి ఎర్రకణాలు పగిలిపోతాయి, దాని బదులు హెపారిన్ వాడు అంటున్నారు సీనియర్లు, హెపారిన్‌తో స్లైడ్ నీలంగా వస్తుందట మళ్ళీ. ఏదీ కలపకుండా సిరంజి నుంచి నేరుగా స్లైడ్ మీద వేసేస్తే సరిపోద్దా? చేసినవాళ్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్.