నమీబియా వేటకు 9.3×62 సరిపోతుందా, .375 తప్పదా?

డాలస్_బాబాయ్:
టెక్సస్‌లో పదేళ్లుగా .30-06 తూటా రైఫిల్‌తో జింకల వేటకు వెళ్తున్నాను. వచ్చే జూన్‌లో నమీబియా ప్లాన్: కుడు, గెమ్స్‌బాక్, వీలైతే ఈలాండ్ (మూడూ అక్కడి పెద్ద జింక జాతులే). ఆ తర్వాతెప్పుడైనా అడవిదున్న. కొనేది ఒక్కటే రైఫిల్, రెండోదానికి ఇంట్లో పర్మిషన్ లేదు. 9.3×62 తూటాది తీసుకోవాలా, .375 హాలండ్ అండ్ హాలండ్ తూటాదా?

మౌజర్98:
9.3 తీసుకోండి బాబాయ్. బెర్లిన్‌లో ఆటో బాక్ 1905లో దీన్ని తయారుచేసిందే ఆఫ్రికాలో స్థిరపడ్డ జర్మన్ల కోసం. మామూలు మౌజర్ 98 రైఫిల్‌లోనే ఇమిడిపోతుంది. .375 తూటా పొడుగు, దానికి పెద్ద యాక్షన్ (తూటాని లోపలికి తోసి పేల్చే యంత్రభాగం) కావాలి, రైఫిల్ బరువు కూడా పెరుగుతుంది. పోనీ గుండు వ్యాసంలో అంత తేడా ఉందా అంటే, అంగుళంలో వెయ్యోవంతులు తొమ్మిది! 286 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) 9.3 గుండుకీ 300 గ్రెయిన్ల .375 గుండుకీ సెక్షనల్ డెన్సిటీ (వ్యాసంతో పోల్చి చూసే బరువు లెక్క) ఒకటే, 0.305. రెండూ ఒకే రకం గుండ్లయితే జంతువు ఒంట్లోకి ఎంత లోతుకు దిగాయన్న దాంట్లో మీరు తేడా కనిపెట్టలేరు.

గోదారోడు_హ్యూస్టన్:
వ్యాసం సరే, వేగం మాటేమిటి? 9.3 పాత లోడ్ సెకనుకు 2,360 అడుగులు, అంటే గుండు శక్తి దాదాపు 4,800 జౌల్స్. .375కి 2,500 అడుగులు వేసుకున్నా 5,600 పైమాటే. నమీబియా చట్టం లెక్కపెట్టేది జౌల్సే. కుడు, ఈలాండ్‌లకు 2,700 ఉంటే చాలు. దున్నకి 5,400 ఉండాలి. మీరు దున్న మాటెత్తారు కాబట్టి .375 తప్పదు.

కొత్త_సభ్యుడు:
మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆగిపోయిన పని, డబ్బిచ్చి అక్కడ చేయడం అవసరమా?

గోదారోడు_హ్యూస్టన్:
తమ్ముడూ, దానికి వేరే త్రెడ్ పెట్టు, అక్కడికే వచ్చి మాట్లాడతా.

మౌజర్98:
దున్న విషయంలో చట్టం మీ వైపే ఉంది, ఒప్పుకుంటున్నా. కానీ కిక్ (కాల్చగానే రైఫిల్ భుజాన్ని వెనక్కి తన్నే దెబ్బ) సంగతి ఎవరూ చెప్పట్లేదు. స్నేహితుడి .375తో ఒక మధ్యాహ్నం రెండు డబ్బాలు కాల్చాను. సాయంత్రానికి ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుపోతున్నాయి. ఆ అలవాటు నా .30-06కి కూడా అంటుకుంది, వదలడానికి నెలలు పట్టింది. పైగా నమీబియా ఒకప్పటి జర్మన్ వలస, 9.3 అక్కడివాళ్లకి పాత చుట్టం.

డాలస్_బాబాయ్:
దున్న వేట ఖర్చు చెప్పగానే మా ఆవిడ నవ్వి ఊరుకుంది. కాబట్టి 9.3కే వెళ్తున్నా. దున్న యోగం ఎప్పుడైనా పడితే అక్కడే .375 అద్దెకు తీసుకుంటా.

గోదారోడు_హ్యూస్టన్:
అద్దె రైఫిల్‌తో దున్న ముందుకా? సరే బాబాయ్, ముందురోజు కనీసం ఓ పది తూటాలు కాల్చి చూసుకోండి. ఆ రైఫిల్ స్కోప్‌ని అంతకుముందు ఎవరు ఎటు తిప్పి పెట్టారో!