సమస్య: ఉత్తరమ్ము దక్షిణమయ్యె నొక్క నాడు

నిర్వాహకుడు: పొద్దున రామకృష్ణా బీచ్‌లో నడుస్తుండగా, నీళ్లలోంచి సూర్యుడు లేస్తున్న క్షణాన తట్టిన పాదం ఇది. ఆయన మీద పూరిస్తే సంతోషం, బలవంతం లేదు.

డాబాగార్డెన్స్ మాస్టారు: జగ్గారావు గారు 1840లో వేధశాల పెట్టిన పేటలో ఉంటూ సూర్యుణ్ణి వదలగలనా?

పదునొకండేడులకు నొక్క పరి రవికిని
మచ్చలు మిగుల మూగిన మధ్య వేళ
తిరగబడ నయస్కాంతంపు దిక్కు లెల్ల
ఉత్తరమ్ము దక్షిణమయ్యె నొక్క నాడు

యతిమైత్రి: మాస్టారూ, మొదటి పాదం ఎత్తుగడ అద్భుతం. కానీ "ఒక్క నాడు" సంగతేమిటి? సూర్యుని ధ్రువాల దగ్గరి అయస్కాంత క్షేత్రం ఒక్క రోజులో తిరగబడదు. నెలల తరబడి క్షీణించి, సున్నాకు వచ్చి, అవతలి దిశలో పుంజుకుంటుంది. రెండు ధ్రువాలూ ఒకేసారి మారవు కూడా. చిక్కంతా ఆ రెండు మాటల్లోనే ఉంటే మీరు పక్కనుంచి దాటిపోయారు. నా పూరణ:

గాలి మడతల పావడ కదలి వచ్చి
పుడమి మీదుగ జారిన పూటలోన
నిన్న వీచిన పవనమ్ము నేడు వేఱు!
ఉత్తరమ్ము దక్షిణమయ్యె నొక్క నాడు

సౌరపవనం, అంటే సూర్యుని నుంచి వీచే విద్యుదావేశ కణాల గాలి, సూర్యుని అయస్కాంత క్షేత్రాన్ని మోసుకొస్తుంది. ఉత్తరార్ధం నుంచి వచ్చిన క్షేత్రానికీ దక్షిణార్ధం నుంచి వచ్చినదానికీ నడుమ ఒక పలుచని పొర పావడ అంచులా ఎగసి పడుతుంటుంది. మనకు సూర్యుడు ఒక చుట్టు తిరిగినట్టు కనిపించే సుమారు 27 రోజుల్లో ఆ అంచు భూమిని సాధారణంగా రెండు మార్లో నాలుగు మార్లో దాటుతుంది. దాటినప్పుడల్లా గంటల్లో దిశ తారుమారు. ఇక్కడ "ఒక్క నాడు" అక్షరాలా నిజం.

తీరవాసి: నేను నేల మీదే ఉంటాను.

అద్దె యిల్లు మారిన నాటి యనుభవమ్ము
ఓటు చీటి చూడ విశాఖ నొకటి కాదు
పేటతో పాటు మారెను పేరు కూడ
ఉత్తరమ్ము దక్షిణమయ్యె నొక్క నాడు

నిర్వాహకుడు: విశాఖ ఉత్తరం నియోజకవర్గం నుంచి విశాఖ దక్షిణం! ఈ మలుపు నాకు తట్టలేదమ్మా. "ఒకటి కాదు" మాత్రం గణం నింపడానికే వచ్చింది, సరిచూడండి.

డాబాగార్డెన్స్ మాస్టారు: యతిమైత్రి గారి పావడ నిజంగా అందమైన ఊహ. అయితే ఆ అంచు ముందు తగిలేది పుడమికి కాదు. సూర్యుని వైపు 15 లక్షల కిలోమీటర్లు ముందున్న ఇస్రో వ్యోమనౌక ఆదిత్య-ఎల్1లోని అయస్కాంతమాపకానికి. సెకనుకు 400 కిలోమీటర్ల గాలి అక్కడి నుంచి మనదాకా రావడానికి ఇంకో గంట పడుతుంది. పైగా మీ పద్యంలో పదకొండేళ్ల సౌరచక్రం ఊసే లేదు. సూర్యుడు నెమ్మదించిన ఏళ్లలో ఆ పొర దాదాపు చదునుగా సూర్యుని మధ్యరేఖ దగ్గరే ఉంటుంది. 2024 వంటి ఉధృత కాలంలోనే మడతలు నిలువెత్తున లేస్తాయి. అయినా ఇంతకుముందు చంద్రయాన్ మీద ఇచ్చిన సమస్యలో "దక్షిణధ్రువ" అని రాసి "ణ"ను లఘువుగా లెక్కించినవారు నాకు చిక్కులు చూపడం విశేషమే.

యతిమైత్రి: ఆ తప్పు ఆ రోజే ఒప్పుకున్నాను మాస్టారూ. "ధ్రు" ముందు "ణ" గురువే. అందుకే ఈసారి పద్యంలో ధ్రువం జోలికి పోలేదు. చక్రం లేదన్న మాట కూడా ఒప్పుకుంటున్నాను.

డాబాగార్డెన్స్ మాస్టారు: మీ ఆక్షేపణలో న్యాయం ఉంది కనుక నా మూడో పాదం మారుస్తున్నాను.

నెలల తరబడి సడలుచు నిలిచి నిలిచి

ఎంత నిదానంగా సడలినా, సున్నాను దాటేది ఏదో ఒక నాడే కదా.

యతిమైత్రి: పదిహేడు లఘువులు, ఒక్క గురువు లేదు! చదువుతుంటే నెలలు దొర్లుతున్నట్టే ఉంది, ఆ వెంటనే "ఉత్త" అని గురువు మీద పాదం తిరగబడుతుంది. మాస్టారూ, చంద్రయాన్ బాకీ చెల్లు.