నేరం తేలకముందే పేరు వీధిన పడితే: కొరియా నటుల విషయంలో మనకు తెలుసుకునే హక్కు ఎంతవరకు?

శ్రావణమేఘం

లీ సన్‌గ్యూన్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా "జనం సొమ్ముతో ఎదిగినవాడు, జనం ప్రశ్నలు భరించాల్సిందే" అనేవాళ్లు ఎక్కువగా కనిపిస్తున్నారు. నాకు ఆ మాట మింగుడుపడదు. అందుకే ఈ చర్చ పెడుతున్నాను.

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. 'పారసైట్' సినిమాలో ధనిక కుటుంబపు యజమానిగా వేసిన నటుడాయన. 2023 అక్టోబరులో ఇంచన్ నగర పోలీసులు ఒక డ్రగ్స్ కేసులో ఆరా తీస్తున్నారని, అందులో "అగ్ర నటుడు ఎల్" ఉన్నాడని పత్రికల్లో వచ్చింది. అప్పటికి ఆయన్ను నిందితుడిగా నమోదు కూడా చేయలేదు. అయినా ఆ "ఎల్" ఎవరో దేశమంతా తెలిసిపోవడానికి ఎంతోసేపు పట్టలేదు. తర్వాత మూడుసార్లు విచారణకు పిలిచారు. వెళ్లిన ప్రతిసారీ కెమెరాల వరస ముందు ఆగి, తల వంచి, క్షమాపణ చెప్పి లోపలికి వెళ్లాలి. పరీక్షల్లో మత్తుమందు ఆనవాలు దొరకలేదు. ఈలోగా ఆయన ఫోన్ సంభాషణను కేబీఎస్ టీవీ ఛానెల్ వార్తల్లో వినిపించింది. మూడోసారి కెమెరాలు లేకుండా రానివ్వమని లాయరు అడిగితే కుదరలేదు. ఆ విచారణ దాదాపు 19 గంటలు సాగింది. డిసెంబరు 27న ఆయన చనిపోయారు. వయసు 48.

ఆ రెండు నెలల్లో బయటికొచ్చిన వివరాల్లో ప్రజల భద్రతకో, ప్రజల డబ్బుకో సంబంధించింది ఒక్కటైనా ఉందా? ఉంటే చెప్పండి. నాకైతే కనపడలేదు.

మాటకుమాట

శ్రావణమేఘం గారూ, ఆయన విషయంలో జరిగింది ఘోరం, కాదనను. కానీ ఒక్క ఘోరాన్ని చూపించి తలుపులన్నీ మూసేయమంటే నేను ఒప్పుకోను.

బర్నింగ్ సన్ నైట్‌క్లబ్ వ్యవహారం గుర్తుందా? గాయకుడు జంగ్ జూన్‌యంగ్ అమ్మాయిలను వాళ్లకు తెలియకుండా వీడియోలు తీసి స్నేహితుల చాట్‌లో పంచాడు. ఇలాంటిదే ఒక ఫిర్యాదు 2016లోనే వచ్చింది. పోలీసులు అతని ఫోన్‌ని సరిగా పరిశీలించకుండానే కేసు చప్పబడిపోయింది. 2019లో ఆ చాట్లు ఒక విలేకరి చేతికి వచ్చి వార్తగా వెలువడ్డాకే వ్యవస్థ కదిలింది. సామూహిక అత్యాచారం కూడా రుజువై జైలుకెళ్లాడు. ఆ చాట్లు ప్రైవేటు సంభాషణలే కదా? "గోప్యత హక్కు" అని అందరూ నోరు మూసుకుని ఉంటే ఆ అమ్మాయిలకు న్యాయం ఎక్కడ దొరికేది?

పేరు, డబ్బు, పెద్ద లాయర్లు ఉన్నవాళ్లకు గోప్యత అనేది చాలా తేలిగ్గా రక్షణ కవచం అయిపోతుంది. నా భయం అదీ.

ఒంగోలు_వకీలు

మాటకుమాట గారి ఉదాహరణ బలమైనది. అయితే అది ఆయన వాదనకే ఎదురు నిలుస్తుందని నా అభిప్రాయం.

బర్నింగ్ సన్‌లో బయటపడ్డది ఇతరులపై జరిగిన నేరం. బాధితులు ఉన్నారు, ఆధారం ఉంది, పోలీసులే నిందితులకు అండగా నిలిచారన్న అనుమానం ఉంది. ఆ చాట్లలో ప్రస్తావనకొచ్చిన పోలీసు అధికారి ఎవరో విలేకరికి తెలియడానికి సాయపడింది గాయని గూ హారా అని 2024లో బీబీసీ డాక్యుమెంటరీలో ఆ విలేకరే చెప్పారు. అదే గూ హారాను మాజీ ప్రియుడు వీడియో బయటపెడతానని బెదిరించాడు. వార్త వచ్చిన రోజు కొరియా జనం చేసిన పనేమిటి? ఆమెకు అండగా నిలబడింది కొందరైతే, ఆ వీడియో కోసం వెతికింది మరికొందరు. 2019 నవంబరులో ఆమె చనిపోయింది, 28 ఏళ్లకే. ఒక తార జీవితంలోకి విలేకరి వెళ్లాల్సిన చోటు, జనం వెళ్లకూడని చోటు రెండూ ఈ ఒక్క మనిషి కథలో ఉన్నాయి.

ఇక చట్టం సంగతి. కొరియా రాజ్యాంగం 17వ అధికరణ వ్యక్తిగత జీవిత గోప్యతకు హామీ ఇస్తుంది. అక్కడి శిక్షాస్మృతి 126వ సెక్షన్ ప్రకారం, దర్యాప్తులో తెలిసిన ఆరోపణలను అభియోగం మోపకముందే పోలీసులు గానీ ప్రాసిక్యూటర్లు గానీ బయటపెడితే మూడేళ్ల వరకు జైలు. చట్టం ఎప్పట్నుంచో ఉంది, అమలు మాత్రం లేనట్టే. ఈ సెక్షన్ కింద ఎవరినైనా బోనెక్కించాల్సింది ప్రాసిక్యూటర్లు. లీకుల్లో వాళ్లకూ వాటా ఉంటుంది. మరి ఎవరి మీద ఎవరు కేసు పెడతారు? నిందితులను ముందే ప్రకటించి కెమెరాల ముందుకు పిలిచే పద్ధతిని 2019 అక్టోబరులో ప్రాసిక్యూషన్ వాళ్లు ఎత్తేశారు కూడా. నాలుగేళ్ల తర్వాత లీ సన్‌గ్యూన్ పోలీస్ స్టేషన్ గుమ్మంలో మూడుసార్లు నిలబడ్డారు.

దర్శకుడు బోంగ్ జూన్-హో, మరికొందరు కళాకారులు 2024 జనవరి 12న సోల్‌లో పత్రికా సమావేశం పెట్టి అడిగింది ఇదే: లీకులు ఎలా జరిగాయో తేల్చండి, కేసుకు సంబంధం లేని కథనాలు తీసేయండి, చట్టం సరిచేయండి. ఆ మార్చిలో, దర్యాప్తు సమాచారం బయటికి చేరవేశాడన్న అనుమానంతో ఇంచన్ పోలీసు అధికారి ఒకరిని అరెస్టు చేశారు. అంటే ఈ వ్యవహారంలో మొదటి చిల్లు అభిమానుల దగ్గర పడలేదు, ప్రభుత్వ కార్యాలయంలో పడింది.

బుజ్జి_కేపాప్

పెద్దవాళ్ల మధ్యలో మాట్లాడుతున్నా, ఏమీ అనుకోకండి. నాకు కేసులూ కోర్టులూ అంతగా తెలియవు. నేరం వాసన కూడా లేని విషయానికి వస్తాను.

ఏస్పా అనే కేపాప్ గ్రూపులో గాయని కరీనా 2024 ఫిబ్రవరిలో నటుడు లీ జేవూక్‌తో ప్రేమలో ఉందని డిస్పాచ్ రాసింది. అది ఇలాంటి జంటల ఫొటోలకే పేరుబడ్డ సంస్థ. వారానికే ఆమె చేత్తో రాసిన క్షమాపణ ఉత్తరం పెట్టింది. ఆమె పెళ్లీడుకొచ్చిన అమ్మాయి, అతనూ ఒంటరివాడే. క్షమాపణ దేనికి? ఆమె వ్యవహారాలు చూసే ఏజెన్సీ ఆఫీసు ముందు ఎల్ఈడీ బోర్డు పెట్టిన ట్రక్కు నిలబెట్టి, "అభిమానుల ప్రేమ నీకు చాలడం లేదా" అని అడిగారు. ఏప్రిల్ మొదట్లో వాళ్లు విడిపోయారని వార్త.

నేను కూడా ఫ్యాన్‌నే. ఆల్బమ్ కొన్నాను, ఫొటోకార్డులు దాచుకున్నాను. ఆ ఉత్తరం చదివినప్పుడు సిగ్గేసింది, కోపం కూడా వచ్చింది. నా పేరు మీద ఆమెను అలా ఎవరు అడిగారు?

మాటకుమాట

బుజ్జీ, నీ బాధ అర్థమైంది. ఆ ట్రక్కు పంపినవాళ్లను నేనూ సమర్థించను. కానీ వాళ్లు ఆకాశం నుంచి ఊడిపడలేదమ్మా. బబుల్ లాంటి యాప్‌లో నెలకు ఇంత అని కడితే తార నీకే మెసేజ్ పెట్టినట్టు, నీ పేరుతో పిలిచినట్టు వస్తుంది. ఎక్కువ ఆల్బమ్‌లు కొంటే ఫ్యాన్‌సైన్ (తారలు అభిమానులకు సంతకాలు చేసే కార్యక్రమం) లాటరీలో పేరు తగిలే అవకాశం ఎక్కువ. తగిలితే ఎదురుగా కూర్చుని ఒకటి రెండు నిమిషాలు మాట్లాడొచ్చు. ఏజెన్సీ అమ్ముతున్నది పాట ఒక్కటే కాదు. "నేను నీ దాన్ని" అన్న భ్రమను అమ్ముతోంది. డబ్బు పెట్టి కొన్నవాడు మోసపోయానంటే తప్పంతా వాడిదేనా?

శ్రావణమేఘం

మోసపోయానని అనిపిస్తే అమ్మినవాణ్ని నిలదీయాలి. ఆ ట్రక్కు మీద ఏజెన్సీ పేరు కాకుండా ఆ అమ్మాయి పేరు ఎందుకుంది? పదమూడు, పద్నాలుగేళ్లకే ట్రైనీగా చేరే పిల్లలున్నారు. ఫోను, తిండి, స్నేహాలు ఏజెన్సీ చేతుల్లో పెట్టి పెరుగుతారు. ఆ భ్రమను తయారుచేసింది వాళ్లు కాదు, దానికి వెల కట్టింది కూడా వాళ్లు కాదు. శిక్ష మాత్రం వాళ్లకే.

హాన్‌నది_ఒడ్డున

నేను ఉద్యోగరీత్యా కొరియాలోని సువన్‌లో ఉంటున్నాను. ఇక్కడివాళ్లు ఈ విషయంపై చాలాకాలంగా కొట్టుకుంటున్నారు. ఇప్పుడు మనం అడుగుతున్న ప్రశ్నలకు రెండు మూడు జవాబులు ప్రయత్నించి చూశారు కూడా. ఆ చరిత్ర తెలిస్తే మన చర్చ ముందుకెళ్తుందని రాస్తున్నా, కొంచెం పొడవవుతుంది.

2008 అక్టోబరులో చోయ్ జిన్‌సిల్ అనే నటి చనిపోయింది. ఇక్కడ ఇంటింటికీ తెలిసిన మనిషి. తోటి నటుడొకరు చనిపోతే, ఆయన అప్పుల వెనక ఈమే వడ్డీవ్యాపారిగా ఉందని ఇంటర్నెట్‌లో పుకారు పుట్టించి వేధించారు. అప్పటికే 2007 నుంచి పెద్ద సైట్లలో కామెంటు పెట్టాలంటే అసలు గుర్తింపు నిర్ధారించుకోవాలన్న నిబంధన ఉంది. 2009లో దాన్ని రోజుకు లక్ష మంది వచ్చే సైట్లన్నిటికీ విస్తరించారు. పేరు తెలిస్తే నోరు అదుపులో ఉంటుందని ఆశ. ఏమైంది? తిట్లు పెద్దగా తగ్గలేదు. కొందరు విదేశీ సైట్లకు వెళ్లిపోయారు. సైట్ల దగ్గర గుట్టలుగా పడున్న పౌరుల వివరాలు దొంగల పాలయ్యాయి. 2011లో నేట్, సైవరల్డ్ అనే సైట్ల హ్యాకింగ్‌లో మూడున్నర కోట్ల మంది వివరాలు పోయాయి. అంటే దేశ జనాభాలో సగానికి పైగా. 2012 ఆగస్టులో రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధనను ఏకగ్రీవంగా కొట్టేసింది. తారల గోప్యత కాపాడాలని మొదలుపెట్టి మామూలు జనం గోప్యతను పోగొట్టారు.

తర్వాత సుల్లీ. ఎఫ్ఎక్స్ అనే కేపాప్ గ్రూపులో పాడిన అమ్మాయి. ఆమె బట్టల మీద, ప్రేమ మీద ఏళ్ల తరబడి రాసిన రాతలు నేను ఇక్కడ ఎత్తిరాయను. 2019లో జేటీబీసీ2 టీవీ ఛానెల్లో ఒక కార్యక్రమానికి ఆమె ఒక హోస్ట్. తమ గురించి రాసిన ద్వేషపు కామెంట్లను తారలు తామే చదివి జవాబివ్వాలి, అదీ ఆ కార్యక్రమం. ఆ అక్టోబరు 14న ఆమె చనిపోయింది, 25 ఏళ్లకు. చనిపోయాక కూడా వదల్లేదు. ఘటనాస్థలానికి వెళ్లిన అగ్నిమాపక శాఖ అంతర్గత నివేదిక బయటికి పొక్కింది, ఆ శాఖ క్షమాపణ చెప్పింది. నెలాఖరులో దౌమ్ పోర్టల్ వినోద వార్తల కింద కామెంట్లు తీసేసింది. 2020 మార్చిలో నేవర్ కూడా తీసేసింది. ఎక్కువమంది వార్తలు చదివేది ఈ రెండింట్లోనే కాబట్టి అది చిన్న మార్పు కాదు.

ఈ ఒక్క నిర్ణయాన్ని నేను మనసారా మెచ్చుకుంటాను. ఎవరి పేరూ అడగలేదు, ఎవరినీ జైల్లో వేయలేదు. నటి సెలవులకు వెళ్లిందన్న వార్త కింద తిట్టడానికి వేదిక ఎందుకని తీసేశారు, అంతే.

బుజ్జి_కేపాప్

అన్నా, మరి ఆ తిట్లు యూట్యూబ్‌కి వెళ్లిపోలేదా?

హాన్‌నది_ఒడ్డున

వెళ్లాయి బుజ్జీ. అక్కడ డబ్బు కూడా వస్తుంది, అదే అసలు జబ్బు. ఐవ్ గ్రూపు గాయని జాంగ్ వన్‌యంగ్ మీద అబద్ధపు వీడియోలు చేసిన ఛానెల్ ఒకటుండేది. నడిపేవాళ్లు ఎవరో కొరియాలో కనుక్కోలేక ఏజెన్సీ వాళ్లు అమెరికా కోర్టుకెళ్లి గూగుల్ నుంచి వివరాలు తెప్పించుకున్నారు. 2025 జనవరిలో ఇంచన్ జిల్లా కోర్టు ఆ ఛానెల్ నడిపిన మహిళకు రెండేళ్ల జైలుశిక్ష వేసి, దాన్ని మూడేళ్లు నిలిపి ఉంచింది. దాంతోపాటు వచ్చిన రాబడి 21 కోట్ల వన్‌లు జప్తు చేయమంది. నాకు ఆ జప్తే ముఖ్యమనిపించింది. తిట్టడం వ్యాపారమైనప్పుడు లాభం లాక్కోవడమే మందు.

మాటకుమాట

జప్తుకు నా ఓటు కూడా. కానీ కొరియా పరువునష్టం చట్టం జోలికి మాత్రం వెళ్లకండి. అక్కడ నిజం రాసినా, అది ప్రజాప్రయోజనం కోసమని చూపించలేకపోతే నేరమే. ఇంటర్నెట్‌లో రాస్తే మూడేళ్ల వరకు జైలు. లైంగిక వేధింపు గురించి నోరు విప్పిన ఆడవాళ్ల మీద కూడా ఇదే ప్రయోగిస్తారు. తారలను కాపాడే పేరుతో దీన్ని ఇంకా బిగిస్తే మొదట నష్టపోయేది బలహీనులే.

ఒంగోలు_వకీలు

ఇందులో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. నిజం చెప్పినా నేరమనే ఆ నిబంధన రాజ్యాంగబద్ధమేనని 2021 ఫిబ్రవరిలో న్యాయస్థానం తేల్చింది, కానీ 5–4 తేడాతో. నలుగురు న్యాయమూర్తులకు మీ అభ్యంతరమే ఉంది. నేను అడిగేది పౌరుల నోరు కట్టే చట్టం కాదు. ఫైలు చేతిలో ఉన్న అధికారి నోరు కట్టే 126వ సెక్షన్‌ని నిజంగా వాడమని.

శ్రావణమేఘం

అందరూ కాస్త దగ్గరికొచ్చారు కాబట్టి కష్టమైన ఉదాహరణ ఒకటి పెడతాను. నటి కిమ్ సేరన్. 2022 మేలో తాగి కారు నడిపి ట్రాన్స్‌ఫార్మర్‌ను గుద్దింది, చుట్టుపక్కల కరెంటు పోయింది. ఇందులో పుకారు లేదు. తప్పు ఒప్పుకుంది, 2023 ఏప్రిల్‌లో కోర్టు 2 కోట్ల వన్‌ల జరిమానా వేసింది. ఆ వార్త జనానికి తెలియాల్సిందే, నాకు సందేహం లేదు.

ఆ తర్వాతిదే నా ప్రశ్న. ఆమె ఎక్కడ కనపడ్డా, ఏ ఫొటో పెట్టినా అదో కథనం. ఆమె పేరు మీద వీడియోలు. 2024లో ఒక నాటకంతో తిరిగి వస్తుందని వార్త రాగానే మళ్లీ విమర్శలు. ఆరోగ్యం బాగోలేదని చెప్పి తప్పుకుంది. 2025 ఫిబ్రవరి 16న చనిపోయింది. 24 ఏళ్లు. చేసిన తప్పుకు కోర్టు వేసిన శిక్ష కట్టేసిన మనిషిని ఇంకెంతకాలం చూస్తూ ఉండొచ్చు మనం?

మాటకుమాట

ఆమె నటించిన సినిమా చూడాలా వద్దా అన్నది ప్రేక్షకుడి ఇష్టం. తాగి నడిపేవాళ్ల వల్ల బిడ్డను పోగొట్టుకున్న తల్లి, ఆ అమ్మాయిని తెరమీద చూడలేనంటే ఆమెను తప్పు పట్టగలమా? ఇంతకాలమే కోపం ఉండాలని ఎవరూ గడువు పెట్టలేరు.

ఒంగోలు_వకీలు

కోపానికి గడువు పెట్టలేం, నిజమే. శిక్షకు మాత్రం కొరియా చట్టమే పెట్టింది. శిక్షల ప్రభావం రద్దయ్యే చట్టం ఒకటి అక్కడుంది. జరిమానా అయితే రెండేళ్లకు, మూడేళ్లలోపు జైలుశిక్ష అయితే ఐదేళ్లకు, మళ్లీ పెద్ద నేరం చేయకపోతే ఆ శిక్ష చట్టం దృష్టిలో చెల్లిపోతుంది. కిమ్ సేరన్ చనిపోయేనాటికి ఆ రెండేళ్లు ఇంకా నిండలేదు.

మీరు చెప్పిన ఆ తల్లి సినిమా చూడకపోవచ్చు. టికెట్ కొనకపోవడానికి ఆమెకు పూర్తి హక్కుంది. ఆ వీడియోలు చేసినవాళ్లు ఆ తల్లులు కారు కదా.

మాటకుమాట

కారు. వీడియోల మీద డబ్బు సంపాదించేవాళ్లకు నేనెప్పుడూ వకాల్తా పుచ్చుకోలేదు. జప్తు సంగతి పైనే చెప్పాను. కానీ విలేకరి చేతిలో రేపు ఇంకో బర్నింగ్ సన్ ఉంటే, 126ని చూపించి అతనికి సమాచారమిచ్చిన నిజాయితీ గల పోలీసును లోపలేస్తే? దానికి జవాబు దొరికేదాకా నేను ఇటువైపే ఉంటాను, వకీలు గారూ.

ఒంగోలు_వకీలు

న్యాయమైన ప్రశ్న. ఆ చాట్లను అప్పట్లో ఒక లాయరు మొదట అప్పగించింది అవినీతి నిరోధక, పౌరహక్కుల కమిషన్‌కి. పై అధికారి తొక్కేస్తున్న కేసును బయటపెట్టే మనిషికి రక్షణ అలాంటి దారిలో ఉండాలి. అదే అధికారి, ఇంకా తేలని కేసులో ఒక నటుడి పడకగది సంగతులు విలేకరికి ఫోన్లో చెబితే దానికి ఆ రక్షణ వర్తించకూడదు. ఈ రెండింటినీ విడదీసే మాటలు 126లో లేవు. సవరణ అంటూ చేస్తే అక్కడ చేయాలి.