'ది పీసెస్ ఐ యామ్': తెలుగులో ఏమందాం?

ప్రశ్న:
అమెరికా నల్లజాతి రచయిత్రి టోనీ మారిసన్ మీద 2019లో తిమొతీ గ్రీన్‌ఫీల్డ్ శాండర్స్ తీసిన డాక్యుమెంటరీకి చిన్న పరిచయం రాస్తున్నాను. పేరు దగ్గరే బండి ఆగిపోయింది. 'నా శకలాలు' అని పెడితే, విమానం కూలిన వార్తలా ఉందని మా చెల్లెలు నవ్వింది. 'నా ముక్కలు' అంటే సరిపోతుందా?

జవాబు:
శకలాల విషయంలో నా ఓటు మీ చెల్లెలికే. ముక్కలు బాగుంది, పేచీ అంతా ఆ 'నా'తోనే. 'నా పుస్తకాలు' అన్నట్టు 'నా ముక్కలు' అంటే ముక్కలు వేరు, వాటి సొంతదారు వేరు అయిపోతారు. ఆ మాట 1987లో వచ్చిన మారిసన్ నవల 'బిలవెడ్' చివర్లోది. సిక్సో అనే బానిస ఒకామెను చూడటానికి 30 మైళ్ళ పైచిలుకు నడిచి వెళ్ళేవాడు. ఆమె గురించి అతనన్న మాట చాలా ఏళ్ళ తర్వాత, అప్పట్లో తోటి బానిసగా ఉన్న పాల్ డి అనే అతనికి గుర్తొస్తుంది, రంగురంగుల అతుకుల బొంత ఒకటి చూస్తుండగా. ఇంచుమించు ఇలా ఉంటుంది:

'నా మనసుకు నేస్తం. నన్ను పోగేస్తదయ్యా. ఈ ముక్కలే నేను. వాటిని ఏరి, వరస తప్పకుండా పేర్చి మళ్ళీ నా చేతికిస్తది.'

మనిషినే ఆస్తి కింద జమకట్టే చోట ఉన్నవాడు 'నావి' అనడు కదా. అందుకే 'ఈ ముక్కలే నేను' అంటాను. క్రియ అక్కర్లేదు, ఆ ఏకారం చాలు. 'నేనైన ముక్కలు' వ్యాకరణానికి సరే గానీ నోట్లో నలుగుతుంది. పైగా సినిమా మొదలయ్యేదే మికలీన్ థామస్ చేసిన కొలాజ్‌తో. మారిసన్ ఫొటోలు ముక్కలుగా వచ్చి ఒకదాని మీద ఒకటి చేరతాయి. పేరు అక్కడే కళ్ళకు కట్టేస్తుంది.

ఇంకొకరు:
అర్థం బాగుందండీ. కానీ 'ఈ ముక్కలే నేను' అని పోస్టరేస్తే మా ఊళ్ళో రమ్మీ సినిమా అనుకుని వస్తారు. 'వరస తప్పకుండా పేర్చి' అన్నారు, ఇక చెప్పాలా!

జవాబు:
రానివ్వండి, వచ్చి చూస్తారు! తెలుగులో ముక్కంటే మాట కూడా కదా. నాలుగు ముక్కలు రాయమంటాం, ఇంగ్లీషు ముక్క రాదంటాం. రచయిత్రి సినిమాకు అంతకంటే ఏం కావాలి? అందులో ఆవిడ చెప్పే చిన్ననాటి ముచ్చట ఒకటుంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ గులకరాళ్ళతో పేవ్‌మెంట్ మీద అక్షరాలు రాసుకునేవాళ్ళు. ఒకరోజు ఎక్కడో చూసిన బూతు మాటను అర్థం తెలియకుండా రాయబోతుంటే, తల్లి కేకలేసి, బకెట్టూ నీళ్ళూ తెప్పించి కడిగించింది. మాటకెంత బలముందో తనకప్పుడే తెలిసిందంటారు.

మరొకరు:
పేరు సరే. నా గొడవ 'ఇస్తది' మీద. బానిస నోట 'ఇస్తది', పాఠం చెప్పే పంతులు నోట 'ఇస్తుంది'. ఈ అలవాటు ఎప్పటికి పోతది? మా ఇంట్లో ప్రొఫెసరు కూడా 'ఇస్తది' అనే అంటడు.

జవాబు:
మీ మాట కాదనను. మూలంలోనూ అది బడి ఇంగ్లీషు కాదు, 'షి గ్యాదర్ మి, మ్యాన్' అంటాడు సిక్సో. దాన్ని 'ఇస్తుంది' అని దిద్దితే సిక్సో మాయమవుతాడు. చిక్కు మన అనువాదాల్లో ఉంది. యాస పాత్రకే ఇచ్చి, కథ చెప్పే గొంతుకు మాత్రం ఇస్త్రీ చేస్తాం. మారిసన్ అలా చెయ్యలేదు, నల్లవాళ్ళ నుడికారం కథ చెప్పే గొంతులోకీ వచ్చింది. రాసేవాళ్ళ భుజమ్మీద కూర్చుని ప్రతిదీ తనిఖీ చేసే చిన్న తెల్లమనిషి గురించి సినిమాలో చెబుతారు చూడండి. మన భుజాల మీదా ఒక పంతులుగారున్నారు. పరిచయం మొత్తం మీ తెలుగులోనే రాస్తే ఈ తేడా ఉండదు.

ప్రశ్న వేసినవారు:
నాది కరీంనగరేనండీ, అట్లనే రాస్త! పేరు 'ఈ ముక్కలే నేను' ఖాయం. సినిమా 2019 జూన్‌లో హాళ్ళకొచ్చింది, ఆగస్టు 5న ఆవిడ పోయారు. ఆ సంగతి చివర్లో ఒక్క వాక్యంలో చెప్తున్న. ఒక్కటే అనుమానం మిగిలింది. సిక్సో మాట్లాడేది తోటివాళ్ళతోనే కదా, 'మ్యాన్'కి 'అయ్యా' ఎందుకు? 'పోగేస్తదన్నా' అంటే కాదా?